బొట్టు పెట్టిన గిటార్

సెప్టెంబర్ 14

నా నంబర్‌కి నేనే మెసేజ్ పెట్టుకుంటున్నాను. పంపగానే నీలం టిక్కులు పడిపోయాయి. చదివేశానట. ఇంకెవరూ చదవకూడదు, ముఖ్యంగా మావ కూతురు యమున. లాక్ పెట్టాను.

నిన్న రాజాంలో రైస్ మిల్లు ఓనర్ గారి షష్టిపూర్తి. మావకి పక్షవాతం వచ్చాక ఆర్కెస్ట్రాలో ఆయన కుర్చీలో నేను కూర్చోవడం ఇదే మొదలు. మొదటి పాట బాగానే పోయింది, అందరం కలిసి వాయించేదే కదా. రెండో పాట మధ్యలో గిటార్ ఒక్కటే వినపడే ముక్క ఉంది. ఇంట్లో మావ నాచేత వందసార్లు వాయింపించిన ముక్క. సరిగ్గా అప్పుడు తల ఎత్తాను. ముందు వరసలో ఒక పెద్దావిడ ఐస్‌క్రీమ్ తినడం ఆపి నన్నే చూస్తోంది. అంతే. వేళ్లు నావి కావు. కీబోర్డ్ ధర్మేంద్ర అన్న అందుకుని లాగించేశాడు కాబట్టి సరిపోయింది.

దిగాక గణపతిరావు బాబాయ్ (ఆర్కెస్ట్రా ఆయనదే) అడిగాడు. "ఏటైనాదిరా పోతురాజూ?"

"కీ జారిపోతన్నాది బాబాయ్. తీగ శ్రుతి తప్పీసింది" అన్నాను.

బాబాయ్ నా చేతిలో ఉన్న మావ పాత గిటార్ వైపు చూశాడు. "నిజమేలే. ముప్పై ఏళ్ల డొక్కు. నువ్వు మాత్రం ఏటి సేస్తావు."

ఇంటికొచ్చి చూశాను. తీగ బిగించే కీ నిజంగానే కొంచెం వదులుగా ఉంది. చూసేటప్పుడు కాస్త గట్టిగానే తిప్పాననుకో. కానీ వదులే.

సెప్టెంబర్ 15

నా నోటితో నేనే చెడగొట్టుకున్నాను.

బాబాయ్ పొద్దున్నే మావ ఇంటికి వచ్చాడు. మా ఇంటికీ మావ ఇంటికీ మధ్య ఒక గోడే. రమ్మన్నారు, వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"డొక్కుదాంతో కుర్రోడు అవస్త పడతన్నాడు జగన్నాధం. ఆ మంచం కిందది బయటికి తియ్యించు" అన్నాడు బాబాయ్.

మంచం కిందది అంటే తెల్ల గిటార్. అమెరికాలో తయారైంది. రోడ్డు పక్క ఐదు సెంట్లు అమ్మి కొన్నాడు మావ. మూడేళ్లు అయింది. ఒక్క ప్రోగ్రాంకి కూడా పట్టుకెళ్లలేదు. చెక్క మీద గీతలు పడకుండా కంపెనీ వాళ్లు అంటించిన ప్లాస్టిక్ కాగితం కూడా ఇంకా తియ్యలేదు. ఆదివారం ఆదివారం పెట్టె తెరిచి, గుడ్డతో తుడిచి, మళ్లీ మూసేసేవాడు. ఇప్పుడు ఎడమ చెయ్యి పడిపోయింది కాబట్టి ఆ తుడిచే పని నాది.

మావ మంచం మీద నుంచి నన్ను చూశాడు. మాట ఇప్పుడు నెమ్మదిగా వస్తుంది. "వాయిస్తావేట్రా?"

"అమ్మో. ఖరీదైనది కదా మావా. పాడైపోతాది" అన్నాను.

మావ తల తిప్పుకున్నాడు. "అవును. ఖరీదైనదే" అన్నాడు.

బాబాయ్‌కి చిరాకేసింది. "సూడు పోతురాజూ. అక్టోబర్ పదకొండున గజపతినగరంలో అమ్మవారి సంబరం. ఏ గిటార్ తెచ్చుకుంటావో నీ ఇష్టం. ఆ రోజు ఆ ముక్క వాయిస్తే మీ మావ కుర్చీ నీది. లేదంటే విజయనగరం కుర్రోడున్నాడు, ఫోన్ కొడితే బండెక్కీడానికి రెడీ. మల్ల నన్ననకు."

నేను భయపడుతోంది గిటార్ గురించే. నా గురించి కాదు.

సెప్టెంబర్ 17

ఏం లేదు. ప్రాక్టీస్ చెయ్యలేదు.

సెప్టెంబర్ 18

పాత గిటార్ మీద ఉన్న ప్రతి గాటుకీ మావ దగ్గర ఒక ఊరి పేరుంది. చిన్నప్పుడు నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని నా వేలు వాటి మీద పెట్టించి చెప్పేవాడు. ఇది శ్రీముఖలింగం, శివరాత్రినాడు ఎవరో విసిరిన కొబ్బరిచిప్ప. ఇది టెక్కలి, పెళ్లికొడుకు డాన్సు కడుతూ వచ్చి దీని మీద పడ్డాడు. ఇది రాజాం, వ్యాను తలుపు. నాకు బడిలో జిల్లా మ్యాపు రాలేదు గానీ ఈ ఊళ్లన్నీ వచ్చు.

తెల్లదాని మీద ఒక్క ఊరు కూడా లేదు. తుడిచి తుడిచి నా ముఖం కనిపిస్తోంది అందులో.

అలాంటి దాన్ని సంబరంలోకి ఎలా పట్టుకెళ్తాం? దుమ్ము. చెమట. బాణసంచా రవ్వలు. ఎవరైనా చెప్పాలి.

సెప్టెంబర్ 20

ఫోన్‌లో తెలుగు గిటార్ వాళ్ల గ్రూపు ఒకటుంది. ఎప్పుడూ చూడటమే, ఏమీ రాయలేదు. ఇవాళ రాశాను. "ఖరీదైన ఎలక్ట్రిక్ గిటార్ రోజూ వాయించొచ్చా, ప్రోగ్రాములకి పట్టుకెళ్లొచ్చా, లేక ఇంట్లో పెట్టుకోవడానికేనా." ఈ ఒక్క ముక్క రాయడానికి నలభై నిమిషాలు పట్టింది. రెండుసార్లు చెరిపేశాను.

పదిహేడు మంది జవాబిచ్చారు. వాయించడానికి కాకపోతే ఎందుకు చేస్తారు అని ఒకాయన. తమ్ముడూ వద్దు, నాది స్టేజీ మీద నుంచి పడి మెడ విరిగింది అని ఒకాయన. మంచి సౌండ్ జనానికి తెలియదు, పాతది చాలు అని ఇంకొకాయన. వాళ్లలో వాళ్లు తిట్టుకోవడం మొదలెట్టారు. నేను గ్రూపులోంచి బయటికి వచ్చేశాను.

మెడ విరిగిందన్న ఆయన చెప్పిందే కరెక్టు అనిపిస్తోంది.

సెప్టెంబర్ 24

మావ గిటార్ అమ్మేస్తాడట.

విశాఖపట్నంలో రమేష్‌బాబు గారని ఒకాయన ఉన్నారట. ఖరీదైన గిటార్లు కొని అద్దాల బీరువాలో పెట్టుకుంటారట. ధర్మేంద్ర అన్న ఫొటోలు పంపితే ఐదో తారీఖున వస్తానన్నారు. ఒకటే షరతు, అసలు వాయించనిదై ఉండాలి.

"వాయించనిదే. గీత కూడా లేదు" అన్నాడు మావ. గర్వంగా అనలేదు.

తాయారు అత్త పప్పు రుబ్బడం ఆపి అంది, "ఇంట్లో వాయించీ గుంటడుండగా ఎవుడో బీరువాలో పెట్టుకుంటాడంటే ఇచ్చీడమేటి?"

"ఆడే వద్దన్నాడు. ఖరీదైనదని."

ఇద్దరూ నా వైపు చూశారు. నేను ఫోన్ చూసుకున్నాను. ఫోన్‌లో ఏమీ లేదు.

మంచిదే. విశాఖలో అద్దాల బీరువా అంటే దుమ్ము పడదు.

సెప్టెంబర్ 26

యమునకి తెలిసిపోయింది. మావ కూతురు కదా, ఆ ఇంట్లో మాట దానికి తెలియకుండా ఉంటుందా. కాలేజీ నుంచి వచ్చి బ్యాగు కూడా దించకుండా మొదలెట్టింది.

"ఏటి బావా, గిటార్‌ని అత్తారింటికి పంపీస్తన్నావంట?"

"నాను కాదు, మీ నాన్న."

"నువ్వు వాయిస్తానంటే నాన్న అమ్ముతాడేటి? పేరు సూస్తే పోతురాజు. స్టేజీ ఎక్కితే పిల్లికూన."

"ఖరీదైనది యమునా. పాడైపోతే?"

"ఆగు." లోపలికెళ్లి ఒక పట్టుచీర తెచ్చింది. అత్త పెళ్లిచీర. విప్పితే మడత పడిన చోటల్లా, గీత గీసినట్టు, చిరిగి ఉంది. "కట్టి చిరగలేదు బావా. కట్టకుండా బీరువాలో దాస్తే చిరిగినాది. అమ్మ నిన్న సూసి ఏడిసింది."

చీర వేరు, గిటార్ వేరు అన్నాను.

"అవునవును. నువ్వు వేరు" అంది.

సెప్టెంబర్ 28

చీర వేరే.

సెప్టెంబర్ 29

పాతదాని మీద ఆ ముక్క పదిసార్లు వాయించాను. పదిసార్లూ వచ్చింది. గదిలో ఎవరూ లేరు.

అక్టోబర్ 1

ఎలా రాయాలో తెలియడం లేదు. వరసగా రాస్తాను.

ఇవాళ ఆయుధ పూజ. ప్రతి ఏడాదీ అత్త పొద్దున్నే అన్నిటికీ పసుపు రాసి కుంకుమ బొట్లు పెడుతుంది. మావ బండి, కుట్టు మిషను, మిక్సీ, నాగలి లేదు గానీ గునపం, పాత గిటార్. తెల్లదానికి మాత్రం పెట్టె మూత మీద పెట్టించేవాడు మావ. పక్కనే నిలబడి మరీ పెట్టించేవాడు.

ఈసారి మావ లేవలేడు.

నేను పాత గిటార్ పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. అత్త పసుపు గిన్నె, కుంకుమ పట్టుకుని గదిలోకి వెళ్లింది. మంచం కింద నుంచి పెట్టె లాగింది. కొక్కేలు తీసిన చప్పుడు వినపడింది. రెండు కొక్కేలు. టక్, టక్. మావ కళ్లు మూసుకుని ఉన్నాడు, నిద్రపోతున్నాడనుకుంటాను. అత్తా, మూత మీద పెట్టు అని అనాలి. నోరు రాలేదు. నాకు మామూలుగానే నోరు రాదు. అంతే, వేరే ఏం లేదు.

లోపలికి వెళ్లేసరికి అయిపోయింది. తడి పసుపు తల దగ్గర ఒకటి, తెల్ల చెక్క మీద రూపాయి బిళ్లంత ఒకటి. మధ్యలో కుంకుమ. చక్కగా పెట్టింది. అత్త చేతి బొట్టు ఎప్పుడూ గుండ్రంగా వస్తుంది.

"పాతదానికి పెట్టి దీనికి పెట్టకపోతే సరస్పతమ్మకి కోపం రాదేటి? ఎల్లిపోయీ పిల్ల కూడాను" అంది.

పూజైన ఆయుధాన్ని ఇవాళ ముట్టుకోకూడదంది. రేపటి దాకా తుడవనివ్వదు. పసుపు అలాగే ఆరిపోతోంది. నాకు వినపడుతున్నట్టే ఉంది.

అక్టోబర్ 2

తుడిచాను. కుంకుమ పోయింది, కింద గులాబీ నీడ మిగిలింది. పసుపు అసలు పోలేదు. దాని రంగు పూత పల్చటిదట, పసుపు లోపలికి పీల్చుకుంది. కొబ్బరినూనె రాశాను. పళ్ల పేస్టు రాశాను. పేస్టు రాసిన చోట మెరుపు పోయి మసకబారింది. ఇంక ఏమీ రాయకూడదు.

"ఎండలో పెట్టు బావా. బట్టలకైన పసుపు ఎండకే పోతాది" అంది యమున. మెడ వంగిపోతుందేమో అని గొడుగు పట్టుకుని, బొట్టు మీద మాత్రమే ఎండ పడేలా మేడ మీద ఇరవై నిమిషాలు కూర్చున్నాను. పక్కింటి తవిటమ్మ పిన్ని అడిగింది, "ఒరే పోతురాజూ, ఆ పిల్లకి గొడుగెట్టి నువ్వు ఎండిపోతన్నావేటిరా?"

మావకి తెలుసో తెలియదో తెలియదు. అడగలేదు. ఆయనా అడగలేదు.

అక్టోబర్ 3

కొంచెం తగ్గింది.

అక్టోబర్ 4

తగ్గలేదు. తగ్గిందనుకున్నాను.

అక్టోబర్ 5

రమేష్‌బాబు గారు కారులో వచ్చారు. తెల్లచొక్కా, మెత్తటి మాట. చేతులు కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు పెట్టె తెరిచారు. బొట్టు చూసి ఆగిపోయారు. జేబులోంచి చిన్న భూతద్దం తీశారు. తీగల కింద, వెనక, అంచులు, అంతా చూశారు. నేను గోడకి అంటుకుపోయాను.

"ఇదేమిటండీ?" అన్నారు.

"బొట్టు బాబూ" అంది అత్త. "ఆయుధ పూజకి పెట్టినాను. దేముడి బొట్టు దోసమేటి?"

"దోషం కాదమ్మా. కానీ నాకు ఎలా తయారైందో అలాగే ఉండాలి. ప్లాస్టిక్ కూడా తియ్యలేదు, ఎంత బాగా ఉంచారు! ఈ ఒక్కటి లేకపోతే తీసుకునేవాణ్ణి."

"మీరు వాయిస్తారేటి బాబూ?" అని యమున అడిగింది. దానికి భయం లేదు.

ఆయన నవ్వారు. "నాకు రాదమ్మా. పదకొండు గిటార్లున్నాయి. చూసుకుంటాను."

కాఫీ తాగి వెళ్లిపోయారు. మంచాయనే.

కారు వెళ్లాక పెట్టె మూత నేనే వేశాను. అత్త ఒక్కసారి అంది, "నా సేతులు పడిపోను." మావ అన్నాడు, "ఊరుకో. ఒక సెయ్యి పడింది సాలు." అత్త ఏడుస్తూనే నవ్వేసింది.

నాకు గుండె తేలికైంది. ఎందుకో తెలియదు. తేలికవకూడదు కదా.

అక్టోబర్ 6

ఇవాళ మావకి చెప్పేశాను. పొద్దున్న కాఫీ తాగించడానికి వెళ్లినప్పుడు.

"మావా. అత్త గిన్నె పట్టుకెళ్లడం నాను సూసినాను. పెట్టె తియ్యడం ఇన్నాను. ఆపలేదు."

గుక్క మింగాడు. మూతి తుడిచాను.

"నానూ సూసినాను" అన్నాడు.

"నిద్రపోలేదా?"

"లేదు."

"మాట రాలేదా మావా, మరి?"

"మాట బానే వచ్చీది." కిటికీ వైపు చూశాడు. "రానివ్వలేదు."

బయట ఎవరో మేకల్ని తోలుకుపోతున్నారు. అవి వెళ్లిపోయేదాకా చూశాం.

తర్వాత ఆయన చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను, మర్చిపోకూడదు. "ఖరీదైనదని దాసినాననుకున్నావేట్రా? పాతదైతే తప్పు దాని మీదకి తోసీవోడిని. కీ జారింది, తీగ పాతది, ఏదో ఒకటి. జనం నమ్మీవోరు. దీని మీద ఏటి తొయ్యగలను? దీంతో తప్పొస్తే అది జగన్నాధం తప్పు. మూడేళ్లు దడిసి సచ్చినాను. ఇప్పుడు సెయ్యే లేదు."

కాఫీ గ్లాసు కింద పెట్టాను.

"ఆ కీ నాను మార్పించి రెండేళ్లు అవలేదు. అది జారదు పోతురాజూ."

తలొంచుకున్నాను. ముఖం కాలిపోయింది. కానీ తిట్టలేదు.

"తియ్యి" అన్నాడు.

పెట్టె తీశాను. గిటార్ ఆయన ఒళ్లో పెట్టమన్నాడు. కుడిచెయ్యి బాగానే పనిచేస్తుంది. గోరుతో ప్లాస్టిక్ అంచు వెతికాడు. దొరకలేదు, మళ్లీ వెతికాడు. నేను సాయం చెయ్యబోతే మోచేత్తో తోసేశాడు. దొరికింది. లాగాడు. అది ఊడే చప్పుడుకి యమున వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

"నువ్వు నొక్కు. నాను మీటుతాను" అన్నాడు మావ.

పక్కన మంచం మీద ఎక్కి కూర్చున్నాను. మెడ మీద నా ఎడమచెయ్యి, తీగల మీద ఆయన కుడిచెయ్యి. కరెంటు పెట్టెకి తగిలించలేదు, దోమ పాడినంత చప్పుడే. ఆ ముక్క వాయించాం. రెండుచోట్ల నేను ముందుకు పోయాను, ఆయన ఆగి నన్ను రానిచ్చాడు. చెక్క చల్లగా, నున్నగా ఉంది. ఇంత సులువుగా నొక్కుకుంటుందని తెలియదు. తుడిచినన్నాళ్లూ తెలియలేదు.

అత్త తడి చేతులతో వచ్చి చూసింది. "బొట్టెట్టాకే మోగినాది సూడు" అంది.

అక్టోబర్ 8

వెళ్తానని బాబాయ్‌కి మెసేజ్ పెట్టాను. "వస్తాను. తెల్లది తెస్తాను." ఆయన బొటనవేలు బొమ్మ పంపాడు. అంతే. ఇంకేదైనా అంటే బాగుండేది.

అక్టోబర్ 9

ఇప్పుడు ఏ వంకా లేదు. అన్నం దిగడం లేదు.

అక్టోబర్ 10

వానొస్తే ప్రోగ్రాం ఆగిపోతుంది. ఫోన్‌లో చూశాను, వాన లేదు. మళ్లీ చూశాను.

అక్టోబర్ 11

వ్యానులో ఉన్నాను. పెట్టె నా కాళ్ల మీద. ధర్మేంద్ర అన్న కిందపెట్టు అంటే పెట్టలేదు.

గజపతినగరం వచ్చేసింది. పందిట్లో ఇంకా లైట్లు కడుతున్నారు. మైకులో పిల్లలెవరో హలో హలో అంటున్నారు.

జనం వస్తున్నారు. వందలు. కుర్చీలు చాలక చాపలు వేస్తున్నారు.

పెట్టె కొక్కేలు తడిమాను. రెండూ వేసే ఉన్నాయి.

మావ వాయిస్ మెసేజ్ పెట్టాడు. నాలుగు సెకన్లు. "శ్రుతి సూసుకో." అంతే.

పిలుస్తున్నారు.

అక్టోబర్ 12

నిన్న వాయించాను.

ఆ ముక్క వచ్చినప్పుడు మళ్లీ తల ఎత్తాను, ఎత్తకూడదనుకుంటూనే. ముందు వరసలో ఒక తాత, ఆయన భుజం మీద నిద్రపోతున్న పాప. తాత నన్ను చూస్తున్నాడు. వేళ్లు మళ్లీ నావి కాకుండా పోబోయాయి. ఒక స్వరం తప్పు పడింది. పెద్దగా, శుభ్రంగా, ఆ ఊరంతా వినపడేలా తప్పు పడింది. మంచి గిటార్ కదా, తప్పు కూడా ఎంత బాగా వినపడిందో.

కీ వైపు చూడలేదు. చూస్తే అందరూ కీ అనుకునేవారు.

తర్వాతి స్వరం వాయించాను. దాని తర్వాతది కూడా. ముక్క అయిపోయింది. ఎవరో ఈల వేశారు, నాకో డాన్సు పిల్లలకో తెలియదు. చెమట కళ్లలోకి దిగింది, బొట్టు మీద కూడా పడింది.

ఆఖరి పాటప్పుడు డాన్సు వాళ్లకి చోటిద్దామని వెనక్కి జరిగాను. టక్ మంది. గిటార్ తల డ్రమ్ముల ఇనప స్టాండుకి తగిలింది. చేత్తో తడిమాను. చిన్న ముక్క లేచిపోయింది. తెల్ల పూత కింద చెక్క కనిపిస్తోంది.

వచ్చేటప్పుడు బాబాయ్ ముందు సీట్లోంచి అన్నాడు, "పద్దెనిమిదిన పార్వతీపురం. పెట్టె మర్సిపోకు." విజయనగరం కుర్రాడి మాట ఎత్తలేదు. నేను సంతోషించాలి. దారంతా ఆ ముక్క లేచిపోయిన చోటే చూసుకుంటూ వచ్చాను.

పొద్దున్నే పెట్టె తీసుకుని మావ దగ్గరికి వెళ్లాను. మెలకువగానే ఉన్నాడు. అత్త దిండు పెట్టి కూర్చోబెట్టింది.

"వాయించినావా?"

"ఒక తప్పు పడింది మావా."

"కీ జారినాదా?"

"లేదు. నానే."

తల ఊపాడు. ఇంక దాచడం నావల్ల కాలేదు. గిటార్ తీసి తల వైపు ఆయనకి చూపించాను. "ఇక్కడ..." అన్నాను.

కళ్లజోడు పెట్టమన్నాడు. పెట్టాను. దగ్గరికి తెమ్మన్నాడు. తెచ్చాను. కుడిచేతి బొటనవేలు ఆ గాటు మీద పెట్టి, పైకీ కిందకీ నెమ్మదిగా రాశాడు. నిన్న ఎక్కడికి వెళ్లానో ఆయనకి తెలుసు. నెల రోజులుగా తెలుసు.

నా చూపుడువేలు పట్టుకుని ఆ గాటు మీద పెట్టాడు.

"ఇది ఏ ఊరు?" అన్నాడు.